కడుపుతో ఉన్నప్పుడు ఫ్లూ సూది – వందేళ్ళ వెనకటి కథ

(రేడియో ప్రసంగ పాఠం)



ఈ కార్యక్రమంలో మనం మామూలుగా పాత పాటల గురించో, పండుగల గురించో, కవుల గురించో చెప్పుకుంటూ ఉంటాం. ఈ వారం నన్ను చరిత్ర మీద ఏదైనా మాట్లాడమన్నారు. నేను చరిత్ర చదువుకున్నదాన్ని కాదండీ. డేటాబేసులతో పొట్ట పోసుకునే కన్సల్టెంటుని. సోమవారం తెల్లవారుజామున విమానం ఎక్కి, గురువారం రాత్రి ఇల్లు చేరే బాపతు. కాకపోతే ఈ మధ్య ఇంట్లో ఒక చిన్న ప్రశ్న వచ్చింది. దానికి సమాధానం వెతుక్కుంటూ పోతే అది నన్ను 1918 దాకా తీసుకెళ్ళింది. అదే చెబుతాను.

అప్పుడు నాకు మూడో నెల. అక్టోబరు. చెకప్పుకి వెళితే, నర్సు బీపీ చూసి, బరువు రాసుకుని, "ఫ్లూ షాట్ ఇచ్చేయమంటారా?" అని అడిగింది. కాఫీలో పంచదార వెయ్యమంటారా అన్నంత తేలిగ్గా! నేను తడుముకుని, "వచ్చేసారి చెబుతాను" అని తప్పించుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి చెప్పగానే మా అమ్మ (నన్ను చూసుకోవడానికి విజయవాడ నుంచి వచ్చింది) ఒక్కసారిగా లేచింది. "మూడో నెల కూడా నిండలేదు, ఇప్పుడు సూదులేమిటే? నాలుగు రోజులు జలుబు చేస్తే మిరియాల పాలు తాగి పడుకుంటే పోదూ!" అంది. మా అత్తయ్య గారు హైదరాబాదు నుంచి ఫోనులో, "నీ ఇష్టం అమ్మా, కానీ మా రోజుల్లో ఇవన్నీ లేవు" అన్నారు. "నీ ఇష్టం" అంటే ఏమిటో కోడళ్ళందరికీ తెలుసు. మా వారేమో, "డాక్టరమ్మ చెప్పింది కదా వేయించుకో, భయమైతే మానెయ్" అన్నారు. ఆ సలహా ఏ పక్కకి పనికొస్తుందో మీరే చెప్పండి.

నిజం చెప్పాలంటే నాకూ భయమే. నాకు ముందు ఒకసారి నిలవలేదు. అందుకని ఈసారి బొప్పాయి ముక్క చూసినా పక్కకి జరిగే స్థితిలో ఉన్నాను. ఏదైనా చేసి జరగరానిది జరిగితే "నేనే చేసుకున్నాను" అనిపిస్తుంది. ఏమీ చెయ్యకుండా జరిగితే "రాత" అనుకోవచ్చు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాయే నన్ను ఆ రోజు నర్సు ముందు నోరు తెరవనివ్వలేదు. తర్వాత రాత్రిళ్ళు కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

మొదట తగిలింది 1918. మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏడాది. స్పానిష్ ఫ్లూ అని పేరే గానీ, దానికీ స్పెయిన్‌కీ సంబంధం తక్కువ. యుద్ధంలో ఉన్న దేశాలు పత్రికల నోరు నొక్కితే, యుద్ధంలో లేని స్పెయిన్‌లో పత్రికలు ఉన్నది ఉన్నట్టు రాశాయి, అందుకని ఆ పేరు దానికి అంటుకుంది. ఆ ఏడు మార్చిలో కాన్సస్ రాష్ట్రంలోని క్యాంప్ ఫన్‌స్టన్ సైనిక శిబిరంలో వందల మంది సిపాయిలు ఒక్కసారిగా మంచం పట్టారు. సెప్టెంబరులో బోస్టన్ దగ్గర క్యాంప్ డెవెన్స్‌లో రెండో విడత విరుచుకుపడింది. అమెరికాలో మొత్తం సుమారు 6,75,000 మంది పోయారని లెక్క. మామూలు ఫ్లూ పసివాళ్ళనీ ముసలివాళ్ళనీ తీసుకుపోతుంది. ఇది ఇరవై నుంచి నలభై ఏళ్ళ వాళ్ళని ఎక్కువగా పట్టుకుంది. అంటే సిపాయిలని, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళని.

సిపాయిల గురించి అందరూ రాశారు. ఆడవాళ్ళ గురించి రాసినది ఒకటుంది. హారిస్ అనే వైద్యుడు ప్రసూతి వైద్యుల దగ్గర్నుంచి వివరాలు తెప్పించి, ఫ్లూ సోకిన 1,350 మంది గర్భిణుల లెక్క కట్టి, 1919లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చు వేశాడు. వాళ్ళలో దాదాపు సగం మందికి న్యుమోనియా వచ్చింది. వచ్చిన వాళ్ళలో సగం మందికి పైగా చనిపోయారు. మొత్తం మీద నూటికి 27 మంది. నేను ఆ అంకె చూసి కాసేపు లాప్‌టాప్ మూసేశాను. ఇంకొక మాట కూడా ఉంది అందులో. న్యుమోనియా రాకుండా తేలిగ్గా బయటపడ్డవాళ్ళలో కూడా ఇంచుమించు నాలుగో వంతు మందికి గర్భం నిలవలేదు.

నా వృత్తి అంకెలతో కాబట్టి ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో డాక్టరు దాకా వెళ్ళిందే బాగా జబ్బు చేసినవాళ్ళు. ఇంట్లో ముక్కు చీదుకుని లేచి తిరిగిన వాళ్ళెవరూ ఆ 1,350 మందిలో ఉండరు. కాబట్టి 27 అన్నది అసలు కన్నా పెద్దగా కనిపిస్తుండవచ్చు. కానీ ఎంత తగ్గించుకున్నా అది చిన్నది అవదు.

అదే సంవత్సరం మన దేశంలో ఏం జరిగింది? 1918 వేసవిలో బొంబాయి రేవులో దిగిన జబ్బు రైలెక్కి ఊళ్ళమీద పడింది. అసలు మారణహోమం సెప్టెంబరు తర్వాత. భారతదేశంలో పోయినవాళ్ళు 1 కోటీ 20 లక్షల నుంచి 2 కోట్ల దాకా ఉంటారని రకరకాల అంచనాలు. ప్రపంచంలో ఏ దేశానికీ అంత నష్టం లేదు. మన దగ్గర మగవాళ్ళకన్నా ఆడవాళ్ళు ఎక్కువ పోయారు. తిండి తక్కువ, పైగా జబ్బుపడ్డ అందరికీ సేవ చేసేది వాళ్ళే కదా. నిజాం రాష్ట్రం సంగతి చూడండి. 1911 జనాభా లెక్కల్లో 1 కోటీ 33 లక్షలు ఉన్న జనం 1921 నాటికి 1 కోటీ 24 లక్షలకి దిగారు. ప్లేగు, కరువు కూడా కలిశాయి కానీ ఈ జ్వరం వాటా పెద్దది.

ఇది చదువుతూ అమ్మకి చెబుతుంటే, ఆవిడ కూరగాయలు తరుగుతూ చాలా మామూలుగా, "మా తాతయ్య వాళ్ళ నాన్న మొదటి పెళ్ళాం అలాగే పోయిందట" అంది. "ఎలాగ?" అన్నాను. "యుద్ధం అయిపోయిన ఏడు విషజ్వరం వచ్చిందట. నిండు చూలాలు. మూడు రోజుల్లో ఇద్దరూ పోయారు. ఆ తర్వాత ఏడాదికి మా ముత్తమ్మని చేసుకున్నాడు. మనమంతా ఈవిడ సంతానమే." ముప్ఫై ఏళ్ళకి పైగా ఆవిడ కూతుర్ని, ఈ కథ ఎప్పుడూ వినలేదు నేను. "ఆవిడ పేరేమిటమ్మా?" అన్నాను. అమ్మకి తెలియదు. ఇంట్లో "పెద్దావిడ" అనేవారట, అంతే.

సరే, టీకా కథకి వద్దాం. 1918లో ఈ జబ్బుకి కారణం ఏమిటో కూడా ఎవరికీ సరిగ్గా తెలియదు. మనుషుల్లో ఫ్లూ వైరస్‌ని పట్టుకున్నది 1933లో, లండన్‌లో, ఫెర్రెట్లు అనే ముంగిసలాంటి జంతువుల సాయంతో. తర్వాత మిషిగన్ విశ్వవిద్యాలయంలో థామస్ ఫ్రాన్సిస్, ఆయన దగ్గర పనిచేసిన జోనాస్ సాల్క్ (అవును, పోలియో టీకా సాల్కే!) కోడిగుడ్లలో వైరస్‌ని పెంచి, చంపి, టీకా చేశారు. మొదట వేసింది రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి. మామూలు జనానికి 1946లో వచ్చింది. వచ్చిన మరుసటి ఏడే బోల్తా కొట్టింది, వైరస్ రూపు మార్చుకుంది కాబట్టి. మనం ఏటా మళ్ళీ మళ్ళీ వేయించుకోవలసి రావడానికి కారణం అప్పుడే అర్థమైంది.

కోడిగుడ్డు మాట వచ్చింది కనుక ఒక పిట్టకథ. 1957 ఏప్రిల్‌లో మారిస్ హిల్‌మన్ అనే శాస్త్రవేత్త న్యూయార్క్ టైమ్స్‌లో హాంకాంగ్ వార్త చదివాడు. ఆస్పత్రుల ముందు పిల్లల్ని వీపున కట్టుకుని తల్లులు క్యూలు కట్టారని. మహమ్మారి వచ్చేసిందని ఆయనకి అనిపించింది. నమూనాలు తెప్పించి, కంపెనీలని తొందరపెట్టి టీకా చేయించాడు. "పందెం అయిపోయిందని కోడిపుంజుల్ని కోసెయ్యకండి, గుడ్లు పొదిగించాలి" అని రైతులకి కబురు పెట్టించాడట (పందెం మాట నాది లెండి, గోదావరి జిల్లా చుట్టరికం వల్ల వచ్చింది). ఆ శీతాకాలానికి సుమారు 4 కోట్ల డోసులు తయారయ్యాయి. అయినా అమెరికాలో 1,16,000 మంది దాకా పోయారు. మినెసోటా రాష్ట్రంలో ఆ ఫ్లూకి బలైన, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళలో సగం మంది గర్భిణులని డాక్టర్లు తర్వాత లెక్క తేల్చారు. ఒక ఊళ్ళో ఆ వయసు ఆడవాళ్ళలో ఒక సమయంలో గర్భంతో ఉండేది ఎంతమంది? నూటికి పది కూడా ఉండరు. చావుల్లో మాత్రం సగం.

ఎందుకలా అంటే, బిడ్డ పెరిగే కొద్దీ ఊపిరితిత్తుల కింది పొర పైకి జరుగుతుంది, గుండె మీద పని పెరుగుతుంది, బిడ్డని పరాయి వస్తువనుకుని తోసెయ్యకుండా ఒంటి రక్షణ వ్యవస్థ తన తీరు మార్చుకుంటుంది. అందువల్ల అదే ఫ్లూ మామూలు మనిషికి ఒక వారం మంచం, గర్భిణికి ఒక్కోసారి ఐసీయూ.

1957 దెబ్బకి 1960లో అమెరికా సర్జన్ జనరల్ ఏటా ఫ్లూ టీకా వేయించుకోవలసినవాళ్ళ జాబితా ఇచ్చాడు. 65 దాటినవాళ్ళు, దీర్ఘరోగాలున్నవాళ్ళు, గర్భిణులు. చూశారా! "మా రోజుల్లో ఇవన్నీ లేవు" అన్న అత్తయ్య గారు అప్పటికి ఇంకా పుట్టనే లేదు.

మరి ఆ తర్వాత ఎందుకు మర్చిపోయారు? ఇక్కడ నాకు అమ్మ భయం మీద గౌరవం కలిగింది. సరిగ్గా ఆ కాలంలోనే థాలిడోమైడ్ వచ్చింది. వేవిళ్ళకి వాడమని యూరప్‌లో అమ్మిన మాత్ర. దాని వల్ల వేల మంది పిల్లలు చేతులూ కాళ్ళూ సరిగ్గా ఎదగకుండా పుట్టారు. అమెరికాలో ఎఫ్‌డీఏలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే ఒకావిడ, కంపెనీ ఎంత ఒత్తిడి చేసినా, రుజువులు చాలవని సంతకం పెట్టలేదు కాబట్టి ఇక్కడి పిల్లలు చాలావరకు బతికిపోయారు. 1962 తర్వాత గర్భిణికి ఏ మందు ఇవ్వాలన్నా డాక్టర్ల చెయ్యి వణికింది. "కడుపుతో ఉన్నప్పుడు ఏదీ వద్దు" అన్న మన పెద్దవాళ్ళ మాటకి వైద్యశాస్త్రం కూడా తల ఊపిన కాలం అది. గర్భిణులు మెల్లగా ఆ జాబితాలోంచి జారిపోయారు. అప్పటికే టీకా వేయించుకున్న రెండు వేల మందికి పైగా తల్లుల్నీ పిల్లల్నీ గమనించి, ఏ హానీ కనబడలేదని 1973లో ఒక పరిశోధన వచ్చినా, ఎవరికీ పట్టలేదు.

దాని మీద 1976 గొడవ ఒకటి. న్యూజెర్సీలోని ఫోర్ట్ డిక్స్‌లో ఒక సిపాయి పందిజ్వరంతో పోయాడు. 1918 మళ్ళీ వస్తోందని ప్రెసిడెంట్ ఫోర్డ్ దేశం మొత్తానికి టీకా అన్నాడు, టీవీ కెమెరాల ముందు తనూ చెయ్యి చాపాడు. సుమారు 4 కోట్ల 50 లక్షల మందికి వేశారు. మహమ్మారి రాలేదు. టీకా వేసుకున్నవాళ్ళలో లక్షకి ఒకరు చొప్పున గియాన్-బారే అనే నరాల పక్షవాతం అదనంగా కనబడింది. డిసెంబరులో ఆపేశారు. రాని జబ్బుకి సూది వేసి, వచ్చిన జబ్బుకి జవాబు చెప్పుకోవలసి వచ్చింది ప్రభుత్వానికి. లక్షకి ఒకరు చిన్న అంకేనని నా స్ప్రెడ్‌షీటు చెబుతుంది. ఆ ఒకరి ఇంట్లో వాళ్ళకి చెప్పి చూడండి.

గర్భిణుల సంగతి మళ్ళీ బయటికి తీసినది టెనెస్సీ రాష్ట్రం. అక్కడ పేదలకిచ్చే మెడికెయిడ్ ఇన్సూరెన్సు రికార్డులు పదిహేడు ఫ్లూ సీజన్లవి తవ్వి తీశారు. మహమ్మారి లేని మామూలు సంవత్సరాల్లో కూడా, నెలలు నిండిన గర్భిణులు గుండె, ఊపిరితిత్తుల జబ్బులతో ఆస్పత్రిలో చేరే అవకాశం, కాన్పయిన వాళ్ళతో పోలిస్తే నాలుగు రెట్లకు పైనే అని తేలింది. 1997లో ప్రభుత్వ సలహా సంఘం మూడో నెల దాటిన గర్భిణులకు టీకా మళ్ళీ సిఫారసు చేసింది. 2004లో ఏ నెలలోనైనా ఫర్వాలేదంది. నా మూడో నెల ప్రశ్నకి జవాబు అన్నమాట.

ఇంతవరకు తల్లి సంగతే. బిడ్డ సంగతి చెప్పింది మన పక్క దేశం. బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలో 340 మంది గర్భిణుల మీద ఒక పరీక్ష జరిగింది. అసలు వాళ్ళు పరీక్షిస్తున్నది న్యుమోనియా టీకాని! పోల్చడానికి రెండో గుంపుకి ఫ్లూ టీకా వేశారు. తీరా పిల్లలు పుట్టాక చూస్తే, ఫ్లూ టీకా తల్లుల పిల్లలకి మొదటి ఆరు నెలల్లో, లాబ్‌లో నిర్ధారించిన ఫ్లూ 63 శాతం తక్కువ. 2008లో అచ్చయింది. ఆరు నెలలు నిండని బిడ్డకి ఫ్లూ టీకా వెయ్యరు. ఆ కాలంలో తల్లి రక్తంలోంచి మాయ ద్వారా వచ్చిన రక్షణే గతి. నాకు ఏప్రిల్ చివర కాన్పు అంటున్నారు. అప్పటికి సీజను తగ్గుముఖం పడుతుందనుకోండి, అయినా మన పిల్లల్ని చూడ్డానికి ఇండియా నుంచి వచ్చేవాళ్ళు, ఇక్కడి డే కేర్ పిల్లలు, నా వారం వారం విమానాలు... ఇవేవీ క్యాలెండరు చూసుకుని రావు కదా.

ఇక్కడ అమ్మతో ఒక వాదన గెలిచాను. "నన్ను కడుపుతో ఉన్నప్పుడు నువ్వు సూదులు వేయించుకోలేదూ?" అన్నాను. "లేదే" అంది. "మరి టి.టి.?" ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో బల్ల మీద కూర్చోబెట్టి వేసిన రెండు టి.టి. ఇంజెక్షన్లు ఆవిడకి బాగా గుర్తే. "అది ధనుర్వాతానికి, అది వేరు" అంది. వేరు కాదు, అదీ టీకాయే. తల్లికి వేస్తే బిడ్డకి పనిచేసే టీకా. బొడ్డు కోసినప్పుడు ధనుర్వాతం సోకి పసిగుడ్లు పోవడం మన పల్లెల్లో ఒకప్పుడు మామూలు. తల్లులకి ఆ సూదులు, శుభ్రమైన కాన్పులు కలిసి దాన్ని ఎంత తగ్గించాయంటే, 2015లో భారతదేశం ఆ గండం గడిచిన దేశాల్లో చేరింది. అమ్మ ఏమీ అనలేదు. ముక్కలు ఇంకాస్త గట్టిగా తరిగింది.

2009 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేనప్పుడు హైదరాబాదులో ఇంజనీరింగు. స్వైన్ ఫ్లూ భారతదేశంలో మొట్టమొదట నిర్ధారణ అయిన కేసు మన హైదరాబాదుదే. మే నెలలో న్యూయార్క్ నుంచి దుబాయ్ మీదుగా శంషాబాదులో దిగిన 23 ఏళ్ళ కుర్రాడు. ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రిలో పెట్టారు. మా హాస్టల్లో అమ్మాయిలందరం కర్పూరం బిళ్ళ, యాలకులు గుడ్డలో మూట కట్టి వాసన చూస్తూ తిరిగాం! అదే నెలలో ఇక్కడ టెక్సస్‌లో 33 ఏళ్ళ స్కూలు టీచరు, గర్భిణి, ఆ ఫ్లూతో చనిపోయింది. బిడ్డని ఆపరేషన్ చేసి బయటికి తీశారు, తల్లి తిరిగి లేవలేదు. అమెరికా జనాభాలో ఏ సమయంలోనైనా గర్భిణులు నూటికి ఒకరు. ఆ ఫ్లూ చావుల్లో నూటికి అయిదుగురు. జులైలో ప్రభుత్వం టీకా ఎవరికి ముందు వెయ్యాలో జాబితా ఇస్తే అందులో గర్భిణులదే మొదటి వరస. అంతకుముందు ఏడుగురు గర్భిణుల్లో ఒకరు వేయించుకునే టీకాని ఆ శీతాకాలం దాదాపు సగం మంది వేయించుకున్నారు. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గర్భిణులకే మొదటి పీట అంది.

ఇక నన్ను రెండు రాత్రులు పడుకోనివ్వని విషయం. 2017లో ఒక పరిశోధన వచ్చింది. 2010-11, 2011-12 సీజన్లలో టీకా వేయించుకున్న గర్భిణుల్లో, అంతకుముందు ఏడు కూడా అలాంటి టీకా వేయించుకున్నవాళ్ళకి, సూది వేసిన 28 రోజుల్లోపు గర్భస్రావాలు ఎక్కువ కనబడ్డాయని. నేను పోయినేడూ వేయించుకున్నాను! ముందు ఒకసారి పోగొట్టుకున్నదాన్ని. ఆ పేజీ ముందు ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. అయితే రాసినవాళ్ళే, ఇది చిన్న గుంపు, ఇది కారణమని చెప్పలేం, ఇంకా పెద్దది చెయ్యాలి అని రాశారు. చేశారు కూడా. తర్వాతి మూడు సీజన్ల మీద, ఇంకా చాలా ఎక్కువ మందితో, అదే బృందం మళ్ళీ చూస్తే 2019లో అలాంటి సంబంధం ఏదీ కనబడలేదు, ముందు ఏడు వేయించుకున్నవాళ్ళలో కూడా. నాకు ధైర్యం ఇచ్చింది రెండోదొక్కటే కాదు. మొదటిదాన్ని దాచిపెట్టకుండా అచ్చు వేశారు, అదీ.

పాదరసం సంగతి కూడా అడుగుతారు. ఎక్కువ డోసులున్న సీసాల్లో బూజూ సూక్ష్మజీవులూ చేరకుండా థైమెరోసాల్ అనే పాదరసం మందు కొంచెం కలిపేవారు. హాని రుజువు కాకపోయినా, 1999లోనే పిల్లల డాక్టర్ల సంఘమూ ప్రభుత్వమూ జాగ్రత్త కోసం పిల్లల టీకాల్లోంచి దాన్ని తీసెయ్యమన్నాయి. 2025 జులైలో ఆరోగ్యశాఖ ఫ్లూ టీకాల్లో అది లేని ఒక్క డోసు సిరంజిలే వాడాలన్న సిఫారసు మీద సంతకం పెట్టింది. ఆ పాటికే ఇక్కడ వేస్తున్నవాటిలో చాలావరకు అవే. ముక్కులో కొట్టే టీకా మాత్రం బతికున్న, బలహీనపరిచిన వైరస్‌ది, అది గర్భిణులకి ఇవ్వరు. సూదిలో ఉన్నది చచ్చిన వైరస్ ముక్కలు, దాని వల్ల ఫ్లూ రాదు. గుడ్డు ముట్టని మా అత్తయ్య గారి లాంటివాళ్ళకి, గుడ్డు లేకుండా చేసే టీకాలు కూడా ఉన్నాయి, అడిగితే ఇస్తారు.

టీకా వేసుకుంటే ఫ్లూ రాదని ఎవరూ అనడం లేదు. 2010 నుంచి 2016 దాకా చూసిన ఒక పెద్ద లెక్కలో, గర్భిణులు ఫ్లూతో ఆస్పత్రిలో చేరడం టీకా వల్ల సగటున 40 శాతం తగ్గింది. వందకి వంద కాదు. నేను రాసే ప్రోగ్రాములు కూడా వందకి వంద పనిచెయ్యవు, క్లయింటు డబ్బులిస్తూనే ఉన్నాడు. నేను డాక్టర్ని కాదు కాబట్టి మీ సంగతి మీ డాక్టరుతో మాట్లాడుకోండి. నా సంగతి నేను చెప్పాను.

తర్వాతి చెకప్పుకి అమ్మ కూడా వచ్చింది. నేను జబ్బ చూపించాను. సిరంజి మీద ఏం రాసుందో చదివి చెప్పమంది అమ్మ నన్ను. చదివాను. నర్సు ఓపిగ్గా ఆగింది. తిరిగొచ్చేటప్పుడు దారిలో ఫార్మసీ దగ్గర కారాపమని, తనకీ వేయించమంది. "పుట్టేవాణ్ణి ఎత్తుకునేది నేనే కదే" అని. ఇన్సూరెన్సు లేదు, డబ్బులు కట్టాం. రెండు రోజులు చెయ్యి నొప్పి అని నామీద విసుక్కుంది. నాకు నొప్పి కూడా అంతగా లేదు. ఆ 28 రోజులు మాత్రం క్యాలెండరు మీద ఒక్కొక్కటే కొట్టేసుకున్నాను, చదివినదంతా చదివాక కూడా. ఇప్పుడు ఆరో నెల. రాత్రిళ్ళు తంతున్నాడో, తంతోందో.

పెద్దావిడ పేరు ఇంకా తెలియలేదు. అమ్మ గుడివాడలో ఉన్న మా పెద్దమ్మకి ఫోను చేసింది. ఆవిడకీ తెలియదు గానీ, ఊళ్ళో ఇంకో ముసలాయన ఉన్నాడట, కనుక్కుంటానంది. తెలిస్తే మళ్ళీ ఎప్పుడైనా చెబుతాను. సెలవు.